కార్డులో అయిదేళ్ల గడి

బిడ్డ పుట్టినప్పుడు చేతికిచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డును ఒకసారి బయటికి తీయండి. టీకాల పేజీ చూడండి. పుట్టగానే వేసినవి, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, పదహారు నెలలు దాటాక వేసినవి అన్నీ వరసగా ఉంటాయి. గడి గడిలోనూ నర్సమ్మ రాసిన తేదీ ఉంటుంది. మడతల దగ్గర చిరిగినా, సిరా కాస్త అలుక్కుపోయినా ఆ తేదీలు చదవడానికి వస్తాయి. వాటి తర్వాత ‘5-6 ఏళ్లు, డీపీటీ రెండో బూస్టర్’ అని ఒక గడి ఉంటుంది. చాలా ఇళ్లలో ఖాళీగా ఉండేది అదే.

దీన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యం అనడానికి నాకు మనసు ఒప్పదు. మొదటి ఏడాదిన్నరలో ఎంతమంది గుర్తు చేస్తారో చూడండి. ఆశ కార్యకర్త గుమ్మం దగ్గరికొచ్చి పిలుస్తుంది. అంగన్‌వాడీ టీచర్ కబురు పెడుతుంది. అమ్మమ్మ ‘ఈ బుధవారం సూది ఉంది, మరిచిపోయేరు’ అని ఫోన్ చేస్తుంది. బిడ్డకు రెండేళ్లు నిండేసరికి ఈ పిలుపులన్నీ ఆగిపోతాయి. తర్వాత మూడేళ్లకు పైగా ఆ కార్డుతో పనే ఉండదు. ఈలోగా అద్దె ఇల్లు మారుతుంది, ఉద్యోగం కోసం ఊరు మారుతుంది, పిల్లాడు కాన్వెంటులో చేరతాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరిగి ఉంటే కార్డు ఆ బీరువాలోనే చీరల కింద ఉండిపోతుంది. బళ్లో చేర్చేటప్పుడు ఆధార్ అడుగుతారు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతారు. టీకా కార్డు అడిగే బళ్లు తక్కువ.

మొదటి నాలుగు మోతాదులు నలుగురూ వెంటపడటం వల్ల పడ్డాయి. అయిదోది మాత్రం ఇంట్లోవాళ్లు తమంతట తాము గుర్తుపెట్టుకుని వేయించాలి. పిల్లాడు బాగానే ఉన్నాడు. ఎవరూ అడగడం లేదు. వేయించకపోతే ఈ వారం వచ్చే నష్టమేమీ కనబడదు. అలాంటి పనిని వేళకు చేయడం కష్టం. క్రమశిక్షణ గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఒక కుటుంబంలో అది ఉందో లేదో ఇలాంటి పనుల దగ్గరే తేలుతుందని నా నమ్మకం.

ఈ సూదిలో మూడు జబ్బులకు రక్షణ ఉంది: కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు. మొదటి రెండింటి పేరు వింటేనే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. మూడోదాన్ని ‘దగ్గే కదా’ అని తేలిగ్గా తీసుకుంటారు. అందుకని ఈ అధ్యాయమంతా దాని గురించే చెబుతాను.

కోరింత దగ్గు మొదట్లో మామూలు జలుబులాగే ఉంటుంది. ముక్కు కారుతుంది, కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, పొడి దగ్గు వస్తుంది. ఇలా వారం, పది రోజులు గడుస్తాయి. పక్కవాళ్లకు బాగా అంటుకునేది ఈ రోజుల్లోనే. జలుబే కదా అని పిల్లాణ్ని బడికి పంపుతూనే ఉంటాం. ఆ తర్వాత దగ్గు తెరలు మొదలవుతాయి. ఒకే ఊపిరి మీద పది, పదిహేను దగ్గులు, మధ్యలో గాలి పీల్చుకునే సందు లేకుండా వస్తాయి. పిల్లాడు మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగిపోతాడు. నాలుక బయటికొస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ముఖం ఎర్రబడి, పెదాలు నల్లబడతాయి. చివరికి ఎలాగో ఊపిరి లోపలికి లాగుతాడు, అప్పుడు గొంతులోంచి కీచుమని కూత వస్తుంది. వెంటనే తిన్నదంతా వాంతి అవుతుంది. కొందరికి ఆ ఒత్తిడికి కంటి తెల్లగుడ్డులో నెత్తురు మరక కూడా పడుతుంది. అయిదు నిమిషాలు గడిస్తే అదే పిల్లాడు లేచి ఆడుకుంటాడు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏమీ లేనట్టే ఉంటాడు. రాత్రి మళ్లీ మొదలవుతుంది. ఈ తెరలు నెలా నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలకు పైగా సాగుతాయి. పూర్తిగా తగ్గేసరికి మూడు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. కాబట్టి దగ్గు తెర వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. జబ్బు పోల్చడానికి అది చాలా సాయం చేస్తుంది.

బడి వయసు పిల్లలు ఈ బాధ పడి చాలామట్టుకు బయటపడతారు. రెండు, మూడు నెలలు నిండని పసికందుల సంగతి వేరు. వాళ్లలో ఈ కూత వినబడకపోవచ్చు. దగ్గడానికే బలం చాలదు. దగ్గుకు బదులు ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. న్యుమోనియా వస్తుంది, ఫిట్స్ రావచ్చు. కోరింత దగ్గుతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ వయసువాళ్లే. వాళ్లకు మొదటి సూది ఆరో వారంలో గాని పడదు. మూడు సూదులు పూర్తయ్యేది పద్నాలుగో వారానికి. అప్పటిదాకా ఆ బిడ్డకు రక్షణ చుట్టూ ఉన్నవాళ్లే.

అమెరికాలో జబ్బుపడిన పసిపిల్లలకు అది ఎవరి నుంచి అంటిందో ఆరా తీసి, 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరి నుంచి అంటిందో తేలిన కేసుల్లో మూడో వంతుకు పైగా అన్నలు, అక్కల నుంచే వచ్చింది. ఆ తర్వాతి స్థానం తల్లులది. మన ఇళ్లకు ఇది ఇంకా బాగా అన్వయిస్తుంది. ఒకే గదిలో అందరం పడుకుంటాం. అయిదేళ్ల పెద్దవాడు బడి నుంచి రాగానే చెల్లెలి ఉయ్యాల దగ్గరికి పరిగెత్తి, ముఖంలో ముఖం పెట్టి ముద్దులాడతాడు. ఆ ముద్దును ఎవరూ వద్దనరు, అనకూడదు కూడా. వాడికి పడాల్సిన సూది వేళకు పడేలా చూడటం మన పని.

చిన్నప్పుడు నాలుగుసార్లు వేశాక మళ్లీ ఎందుకని చాలామంది అడుగుతారు. ఈ జబ్బుకు వచ్చే రక్షణ శాశ్వతం కాదు. టీకాతో వచ్చినదే కాదు, జబ్బు వచ్చి తగ్గాక మిగిలేది కూడా కొన్నేళ్లకు పలచబడుతుంది. ఏడాదిన్నరకు వేసిన సూది బలం బడికి వెళ్లే వేళకు తగ్గుముఖం పడుతుంది. ముప్ఫై, నలభైమంది ఒకే గదిలో కూర్చునే రోజులు మొదలయ్యేదీ అప్పుడే. అయిదు నుంచి ఆరేళ్ల మధ్య అని పెట్టడానికి కారణం ఇది.

ఈ పలచబడటం ఎంత నిజమో 2010లో కాలిఫోర్నియా చూసింది. ఆ ఏడాది అక్కడ తొమ్మిది వేలకు పైగా కేసులు వచ్చాయి, పదిమంది పసిపిల్లలు చనిపోయారు. చిన్నప్పటి టీకాలన్నీ వేయించుకున్న ఎనిమిది, తొమ్మిది, పదేళ్ల పిల్లలు కూడా చాలామంది జబ్బుపడ్డారు. పరిశోధకులు లెక్క కడితే, అయిదో మోతాదు పడ్డాక ఏడాది గడిచేకొద్దీ జబ్బు వచ్చే అవకాశం సుమారు 42 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. ఆ అనుభవంతోనే అక్కడ 2011 నుంచి ఏడో తరగతిలో చేరాలంటే టీడ్యాప్ అనే బూస్టర్ వేయించుకున్నట్టు కాగితం చూపాలన్న నిబంధన వచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ కాగితం సంగతి బాగా తెలుసు. ఇక్కడి నుంచి పిల్లలతో వెళ్లేవాళ్లు పాత కార్డును సామాన్లలో భద్రంగా పెట్టుకోవడం మంచిది. అది లేక, వేసిన సూదులే మళ్లీ వేయించాల్సిన పరిస్థితి వస్తుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. కాలిఫోర్నియా పిల్లలకు వేసింది ‘ఎసెల్యులార్’ రకం, అంటే సూక్ష్మజీవిలోని కొన్ని భాగాలను మాత్రమే శుద్ధి చేసి తయారుచేసిన టీకా. మన దగ్గర ప్రైవేటు క్లినిక్కుల్లో ‘నొప్పి లేని టీకా’ అని ఎక్కువ డబ్బు తీసుకుని వేసేది ఆ రకమే. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేసేది చంపిన సూక్ష్మజీవిని మొత్తంగా వాడిన పాత రకం. దానికి జ్వరం, నొప్పి ఎక్కువ. రక్షణ నిలిచేదీ ఎక్కువకాలమే. పసితనంలో వేసే మొదటి మూడు మోతాదులకు ఈ పాత రకమే మేలని మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతూ వచ్చింది. కాబట్టి డబ్బు పోయలేక సర్కారు సూది వేయిస్తున్నామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పిల్లాడికి పడుతున్నది గట్టి టీకానే.

ఆ పాత రకం వెనక ఇద్దరు ఆడవాళ్ల శ్రమ ఉంది. పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఊళ్లో ప్రభుత్వ ప్రయోగశాల ఉద్యోగులు. 1930ల్లో ఆర్థికమాంద్యం రోజులవి. పగలు ప్రయోగశాలలో పని ముగించుకుని, సాయంత్రాలు జబ్బుపడిన పిల్లల ఇళ్లకు వెళ్లేవారు. పిల్లల నోటి ముందు ఒక పళ్లెం పట్టి దగ్గించి, ఆ తుంపర్లలోంచి సూక్ష్మజీవిని పెంచేవారు. కొన్ని ఇళ్లలో కిరసనాయిలు దీపమే వెలుగు. ఆ పళ్లేల నుంచి తయారైన టీకాను 1934 నుంచి ఆ ఊరి పిల్లల మీద పద్ధతిగా పరీక్షించి, అది పనిచేస్తుందని నిరూపించారు. తర్వాత కంఠసర్పి, ధనుర్వాతం టీకాలతో కలిపి ఒకే సూదిగా చేయడంలోనూ వాళ్ల చెయ్యి ఉంది. ఆ తల్లులు అపరిచితులకు తలుపు తీసి పిల్లల్ని పళ్లెంలో దగ్గించనివ్వడం కూడా నాకు గొప్ప సంగతే.

సూది వేయించాక ఏమవుతుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అయిదేళ్ల సూదిని భుజం దగ్గర కండకు వేస్తారు. వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు, కూర్చోండి. ఆ సాయంత్రం చెయ్యి నొప్పి, వేసినచోట ఎరుపు, గట్టిదనం, జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పారాసిటమాల్ పిల్లాడి బరువును బట్టి ఎంత పోయాలో అక్కడే అడిగి, కార్డు వెనక రాయించుకోండి. సూది వేసినచోట రుద్దకండి, కాపడం పెట్టకండి, పసుపు పూయకండి. జ్వరం రెండు రోజులు దాటినా, ఫిట్స్ వచ్చినా, పిల్లాడు మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇవి అరుదు. గతంలో ఈ సూది పడ్డాక ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం గానీ, వారం రోజుల్లోపు స్పృహ తప్పడం గానీ జరిగి ఉంటే, లేదా నయం కాని నరాల జబ్బు ఏదైనా ఉంటే ముందుగానే చెప్పాలి. మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నంత మాత్రాన సూది వాయిదా వేయనక్కర్లేదు. ‘కొంచెం తగ్గాక వేయిద్దాం’ అనుకుని వెనక్కి తిరిగొచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడు వెళ్తారో చెప్పలేం.

ఈ టీకాకు భయపడి ఒక దేశమే దాన్ని ఆపుకుంది. 1974-75 చలికాలంలో జపాన్‌లో ఇద్దరు పసిపిల్లలు టీకా వేసిన ఒకరోజు లోపల చనిపోయారు. ప్రభుత్వం కొంతకాలం టీకా ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టినా జనం నమ్మలేదు. అంతకుముందు పిల్లల్లో సుమారు 80 శాతానికి పడుతున్న టీకా 1976కల్లా పదిశాతానికి పడిపోయింది. 1974లో దేశమంతటా నాలుగు వందల లోపు కేసులు, ఒక్క చావు లేదు. 1979లో పదమూడు వేల కేసులు, 41 చావులు. ఆ తల్లిదండ్రుల భయాన్ని నేను తప్పుపట్టను. బిడ్డకు జ్వరం రావడం కళ్లముందు కనబడుతుంది, టీకా వల్ల రాకుండా పోయిన జబ్బు ఎవరి కంటికీ కనబడదు. అలాంటిచోట భయం చెప్పినట్టు కాక లెక్క చెప్పినట్టు నడుచుకోవాలి.

ఇప్పుడు చేయాల్సిన పనుల సంగతికొద్దాం. ముందు ఈ పనికి ఇంట్లో ఒక మనిషిని పెట్టండి. ‘మనం చూసుకుందాం’ అనుకున్న పని ఎవరూ చూడరు. అమ్మ చేతిలో ఇప్పటికే నూరు పనులుంటాయి, కాబట్టి ఇది నాన్న తీసుకుంటే బాగుంటుంది. అయిదో పుట్టినరోజును గుర్తుగా పెట్టుకోండి. కేకు ఆర్డర్ ఇచ్చిన రోజే కార్డు వెతకాలి. ఆ వారంలోనే మీ ఉపకేంద్రంలో, పట్టణమైతే అర్బన్ హెల్త్ సెంటర్‌లో, టీకాలు ఏ రోజు వేస్తారో కనుక్కోవాలి. చాలాచోట్ల బుధ, శనివారాల్లో ఉంటుంది. పుట్టిన ఊళ్లోనే వేయించాలన్న నియమం లేదు, ఎక్కడున్నా వేస్తారు. అక్కడికి వెళ్లి ‘అయిదేళ్ల సూది’ అని ఊరుకోకుండా ‘డీపీటీ రెండో బూస్టర్’ అని స్పష్టంగా అడగండి. వేశాక తేదీ రాయించుకుని, అక్కడే కార్డును ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి. కార్డు పోయిందని ఇంట్లో కూర్చోవద్దు. చిన్నప్పుడు సూదులు వేసిన కేంద్రంలో, కార్డులోంచి చించి ఉంచుకున్న సగం కాగితం నర్సమ్మ దగ్గర ఉంటుంది. అదీ దొరకకపోతే ఉన్న సంగతి చెప్పండి, ఏం వేయాలో వాళ్లు చూస్తారు.

ఏడో పుట్టినరోజు గడువు. అది దాటితే ప్రభుత్వ కేంద్రంలో డీపీటీ వేయరు. పెద్ద పిల్లలకు ఆ పాత రకం వాడరు. అప్పుడు పిల్లల డాక్టరు దగ్గర టీడ్యాప్ వేయించాలి. ఇందులో కోరింత దగ్గు, కంఠసర్పి భాగాల మోతాదు తక్కువ, పెద్ద పిల్లలకూ పెద్దవాళ్లకూ పనికొస్తుంది. ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. ఏడాదిముందు ఉచితంగా పడే సూదికి అంత ఖర్చు పెట్టాలా అని మానేయవద్దు. ఆలస్యమైనా పడటమే మేలు.

పదేళ్లప్పుడు, పదహారేళ్లప్పుడు బళ్లోనో ఉపకేంద్రంలోనో టీడీ అనే సూది వేస్తారు. ‘బళ్లో వేశారుగా’ అని నిశ్చింతగా ఉంటాం. టీడీలో ధనుర్వాతం, కంఠసర్పి టీకాలే ఉన్నాయి, కోరింత దగ్గు టీకా లేదు. అది కావాలంటే పది, పన్నెండేళ్ల మధ్య టీడ్యాప్ విడిగా వేయించాలి. ఐఏపీ సలహా కూడా అదే. స్తోమతు ఉన్నవాళ్లు టీడీ ఎప్పుడు పడిందో డాక్టరుకు చెప్పి వేయించండి. స్తోమతు లేనివాళ్లు టీడీ మాత్రం విడిచిపెట్టకండి. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కంఠసర్పితో వచ్చినవాళ్లలో బడి వయసు పిల్లలే ఎక్కువగా కనబడుతూ వచ్చారు. బూస్టర్లు మానేసిన ఇళ్లకు అది దూరపు ముప్పేమీ కాదు.

ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకో మాట. గర్భం 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ వేయించుకుంటే తల్లిలో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది, తొలి సూదుల దాకా కాపాడుతుంది. ప్రభుత్వ కేంద్రంలో గర్భిణులకు వేసేది టీడీ, కాబట్టి టీడ్యాప్ కావాలని మీ డాక్టరును అడగాలి. ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించుకోవాలి. పెద్ద పిల్లాడి అయిదేళ్ల సూది కూడా ఆ కాన్పుకు ముందే అయిపోయేలా చూసుకోండి.

ఇంత చేసినా దగ్గు రావచ్చు. టీకా పడినవాళ్లకు వచ్చినా చాలావరకు తేలిగ్గా పోతుంది, కాకపోతే ఇంట్లో పసిబిడ్డకు అంటించగలదు. రెండు వారాలు దాటిన దగ్గు, దగ్గాక వాంతి, కూత, వీటిలో ఏది కనబడినా డాక్టరు దగ్గరికి వెళ్లి ‘కోరింత దగ్గేమో చూడండి’ అని మీరే అడగండి. అజిత్రోమైసిన్ లాంటి మందు మొదటి రోజుల్లోనే పడితే జబ్బు జోరు తగ్గుతుంది. తెరలు మొదలయ్యాక వేస్తే సూక్ష్మజీవి చస్తుంది గానీ, అది వదిలిన విషం ఊపిరి గొట్టాలకు చేసిన దెబ్బ మానడానికి వారాలు పడుతుంది. మందు వేసినా దగ్గు తగ్గలేదని డాక్టర్లను మార్చుకుంటూ పోవద్దు. ఆ మందు వల్ల పక్కవాళ్లకు అంటడం ఆగుతుంది, అదే పెద్ద లాభం. మందు మొదలుపెట్టి అయిదు రోజులు నిండేదాకా పిల్లాణ్ని బడికి పంపకండి, పసిబిడ్డ ఉన్న గదిలో పడుకోబెట్టకండి. ఇంట్లో మిగతావాళ్లకూ మందు అవసరమా అని అడగండి. గాడిద పాలు పోయించడం, తాయెత్తు కట్టించడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ప్రేమతో చేస్తారు పెద్దవాళ్లు, కానీ వాటితో ఈ సూక్ష్మజీవి చావదు, విలువైన మొదటి వారం వాటికే ఖర్చయిపోతుంది. దగ్గు సిరప్‌లు కూడా ఈ దగ్గును ఆపవు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తిండి పెట్టండి. వాంతి అయితే కాసేపాగి మళ్లీ పెట్టండి. పొయ్యి పొగ, బీడీ, సిగరెట్ పొగ, అగరొత్తుల పొగ ఆ గదిలోకి రానివ్వకండి.

మూడు నెలల లోపు బిడ్డకు దగ్గుతూ పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగినట్టనిపించినా, పాలు పట్టడం మానేసినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. బండి ఎక్కగానే, ఇంట్లో పెద్ద పిల్లలు ఎవరైనా దగ్గుతున్నారా, వాళ్లకు అయిదేళ్ల సూది పడిందా అన్నది చెప్పండి.